తొమ్మిదో నంబరు ఫారం

గ్లాసులావిడను పోయిన వారం మనం మందిరం వరండాలో, గోడవార బల్ల మీద కూర్చోబెట్టి వచ్చాం. ఇంకా అక్కడే ఉంది. బారులో గ్లాసులు కడిగే ఆమె పని సాయంత్రానికి గాని మొదలవదు కాబట్టి ఈ శనివారం మధ్యాహ్నం ఆమెకు తొందరేమీ లేదు. ఉన్న తొందరల్లా సోమవారం పొద్దుటిది. ఆ పొద్దున పెద్దాసుపత్రిలో ఆమె పొత్తికడుపు కోసి గడ్డ తీస్తారు. గడ్డ వస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ప్రాణం నిలుస్తుందని మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. మధ్యలో ఒక్క ఆదివారం ఉంది. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరితో పాటు తనకూ ఓ రొట్టె ముక్క, ఓ గుక్క ద్రాక్షరసం ఇవ్వమని అడిగింది. బాప్తిస్మం ఆమెకు చిన్నప్పుడే, వేరే చోట అయింది. కొత్తగా ఆమెకు కావలసింది ఆ ముక్కా, ఆ గుక్కా. అడిగి ఐదు వారాలైంది.

లోపల, వెనక గదిలో, ఆహ్వాన సంఘం కూర్చుంది. మనుషుల్ని ఆహ్వానించడానికి విడిగా ఒక సంఘం పెట్టుకున్నారంటేనే మీకు అర్థమై ఉండాలి, అక్కడికి ఎవరూ ఊరికే రాలేరని.

దానికి పెద్ద హెడ్మాస్టరు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని బెంచీలెక్కించాడు. రిటైరైన మర్నాటి నుంచి చేతులు ఊరుకోక మందిరం మీద పడ్డాడు. ఆయన కుడి పక్కన మందుల షాపాయన. ఊళ్లో ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో తెలుసు గనుక ఎవరి శీలం ఎలాంటిదో కూడా తెలుసునని ఆయన ధీమా. ఎడమ పక్కన పాటలమ్మ. ఆరాధనలో ఆవిడ పాడుతుంటే కళ్లు చెమరుస్తాయి. పాట ఆపి మాట్లాడిందంటే, ఎవరి గురించి మాట్లాడిందో వాళ్ల కళ్లు చెమరుస్తాయి. నాలుగో కుర్చీలో పాస్టరు గారు. ఉన్నారంటే, కుర్చీలో ఉన్నారు. ఆయన నోట ఏ మాట మొదలైనా "అయినా మీ ఇష్టం" అన్న చోట ఆగుతుంది. అందుకే ఆయనకు మినిట్సు రాసే పని అప్పగించారు.

ఇక ఓ మూల కిటికీ దగ్గర హెడ్మాస్టరు భార్య. సభ్యురాలు కాదు. టీ ఫ్లాస్కు తెచ్చి, పోసి ఇచ్చి, మిగతా సమయంలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డకు అంచు కుట్టుకుంటోంది. ఆమెను ఆ గదిలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కుర్చీని తీసుకోనట్టే.

ఈ ఫారాల సంగతి కొత్తగా వచ్చిన పాఠకులకు రెండు ముక్కల్లో చెప్పాలి. మూడు నెలల కిందట ఎవరో ప్రసంగీకుడు వచ్చి, ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని, వచ్చినవాళ్లను వచ్చినట్టే చేర్చుకోమని రెండు గంటలు చెప్పి, అందరినీ ఏడిపించి వెళ్లాడు. హెడ్మాస్టరు కూడా ఏడ్చాడు. ఏడ్చి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఇంటికెళ్లి ఆలోచించాడు. తీర్పు తీర్చకూడదు, ఒప్పుకున్నాం. కానీ ఎవరికి? మనిషికి. పేరూ మొహమూ తీసేస్తే మిగిలేది కాగితం. కాగితానికి తీర్పు తీరిస్తే తప్పేముంది?

అలా పుట్టింది ఆహ్వాన ఫారం. పై ముక్కలో పేరు, పని, చిరునామా. కింది ముక్కలో పద్నాలుగు ప్రశ్నలు. రెండింటి మీదా ఒకటే నంబరు. పై ముక్కలు చించి ఒక కవర్లో పెట్టి అంటించేస్తారు. కింది ముక్కలు చదివి యోగ్యులెవరో అయోగ్యులెవరో రాసి, సంతకాలు పెట్టాక గాని కవరు విప్పరు. సంతకం పడిన తీర్మానం ఏడాది దాకా కదలదు. పెద్దలు నలుగురూ ఫారం రాయనక్కర్లేదు. పరీక్ష పెట్టేవాడు పరీక్ష రాస్తాడా అని హెడ్మాస్టరు అడిగితే, రాయడని మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. బల్లకు కొత్తగా వచ్చేవాళ్లు తప్పకుండా రాయాలి. "మనస్సాక్షి ప్రేరేపిస్తే పాతవారు కూడా రాయవచ్చు" అన్న వాక్యం పాస్టరు గారిది. అందంగా ఉందని ఉంచారు. అంత అందమైన వాక్యాన్ని ఎవరైనా నిజంగా పాటిస్తారని ఎవరూ అనుకోలేదు.

ఈసారి తొమ్మిది ఫారాలొచ్చాయి. ఏడింటిని గంటలో తేల్చేశారు.

"ఎనిమిది," అన్నాడు హెడ్మాస్టరు, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని. "ప్రశ్న: మీ ఇంట్లో పాపంలో జీవిస్తున్నవారు ఎవరైనా ఉన్నారా? జవాబు: ఉన్నారు. నేనే."

"అబ్బ!" అంది పాటలమ్మ, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఎంత తగ్గింపు అన్నయ్యగారూ! మనలాంటివాళ్లం కూడా అలా రాయలేం."

"మనం రాయక్కర్లేదులెండి," అన్నాడు మందుల షాపాయన.

"వినండి, ఇంకా ఉంది. ఇతరుల తప్పుల గురించి సంఘానికి తెలియజేయదలచినవి? జవాబు: ఇతరుల సంగతి నాకు తెలీదు." హెడ్మాస్టరు తల పంకించాడు. ఈ ప్రశ్నకు మిగతా ఏడుగురూ కాగితం వెనక్కి తిప్పి మరీ రాశారు. "మా మందిరంలో మీకు నచ్చిన విషయం? జవాబు: రెండు గంటలు కూర్చోనిస్తారు. చూశారా! పదవులడగలేదు, పొగడ్తలు రాయలేదు. కూర్చోనిస్తే చాలట. ఎవరో గానీ మంచి వంశంలో పుట్టిన మనిషి."

"అయితే యోగ్యులనే రాయనా?" అన్నారు పాస్టరు గారు.

"రాయండి. 'సంపూర్ణముగా' అని కూడా చేర్చండి."

పాస్టరు గారు చేర్చారు. మందుల షాపాయన తొమ్మిదో కాగితం అందుకుని, ఎనిమిది పక్కన పెట్టి చూశాడు.

"రెండూ ఒకే చేతిరాత మాస్టారూ."

"తెలుస్తూనే ఉందిగా," అన్నాడు హెడ్మాస్టరు. తెలియకపోవడమనేది ఆయన జీవితంలో ఏనాడూ జరగలేదు. "ఆ బారుదానికి రాయడం రాదు. ఎవరో పుణ్యాత్మురాలు జాలిపడి రాసిపెట్టింది. ఎనిమిది ఆ పుణ్యాత్మురాలిది. తొమ్మిది ఈవిడగారిది. ఏం చెప్పుకుందో చూద్దాం, ఇలా ఇవ్వండి."

కాగితం అందుకుని, ముందు తను చదివి, పెదవి విరిచి, తర్వాత పైకి చదివాడు.

"వివాహము వెలుపల సంతానము? జవాబు: ఉంది. ఒక ఆడపిల్ల. పెళ్లికి ముందు పుట్టింది. పదకొండు రోజులు నా దగ్గరుంది."

పాటలమ్మ చెవులు మూసుకుంది. వినబడేలా మూసుకుంది.

"ప్రస్తుతము ఆ సంతానము ఎక్కడ ఉన్నది? జవాబు: తెలీదు. ఇచ్చేశాను. ఆ సంగతి మీ భర్తకు తెలుసా? జవాబు: ఆయన అడగలేదు. చేసిన దానికి పశ్చాత్తాపపడుతున్నారా?" ఇక్కడ ఆయన గొంతు పెరిగింది. "జవాబు వినండి. ఇచ్చేసినందుకు పడుతున్నాను. కన్నందుకు కాదు!"

"సిగ్గు లేకపోతే సరి," అన్నాడు మందుల షాపాయన.

"సిగ్గా? సిగ్గున్నవాళ్లు సిరాతో రాస్తారా ఇలాంటివి? ఇలాంటిదాన్ని గుమ్మం తొక్కనిస్తే రేపు మన ఇళ్లలో ఆడవాళ్లకి ఏం చెప్తాం? ఆ పసిగుడ్డు ఏ చెత్తకుప్ప పాలైందో! కన్నందుకు బాధ లేదట. ఇది తల్లి అటండీ? పంది నయం."

కిటికీ దగ్గర సూది ఆగింది. ఎవరూ చూడలేదు.

"మాస్టారూ," అన్నారు పాస్టరు గారు, "ఆమెకి ఎల్లుండి ఆపరేషనండి. ఆ మాట నాతో రెండుసార్లు చెప్పుకుంది. ఈ ఒక్క ఆదివారానికి..."

"ఈ ఒక్క ఆదివారానికి?"

"అయినా మీ ఇష్టం."

"కాగితానికి ఆపరేషన్లుండవు పాస్టరుగారూ. మనం మనిషిని చూడటం లేదు. మనిషిని చూస్తే అది తీర్పవుతుంది." హెడ్మాస్టరు చూపుడువేలు గాల్లో ఆడించాడు. "రాసుకోండి. తొమ్మిదో నంబరు ప్రభువు బల్లకు అయోగ్యురాలు. ఆదివారము సమాజము ఎదుట నిలబడి తన పాపమును నోరారా ఒప్పుకొనువరకు ఆమెకు రొట్టెగాని రసముగాని ఇవ్వరాదు. ఏకగ్రీవము."

పాస్టరు గారు ఎనిమిదో నంబరు వాక్యం కింద, అదే కాగితం మీద, అదీ రాశారు. నలుగురూ సంతకాలు పెట్టారు. పాటలమ్మ తన సంతకం కింద చిన్న గీత కూడా గీసింది. ఆవిడకది అలవాటు.

హెడ్మాస్టరు కవరు అంచు చింపాడు. పై ముక్కలు తొమ్మిదీ బల్ల మీద పడ్డాయి. మొదటి ఏడింటినీ చదివి పక్కన పెట్టాడు. ఎనిమిదోది తీసి, ఆ మంచి వంశం ఎవరిదో చూడాలన్న ఉత్సాహంతో కళ్లజోడు సర్దుకున్నాడు. సర్దుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఎవరు మాస్టారూ?" అన్నాడు మందుల షాపాయన. వెంటనే హెడ్మాస్టరు చేతిలోంచి ముక్క లాక్కుని చదివాడు. "పని: బారులో గ్లాసులు కడుగుట... ఇదేంటి, నంబర్లు తారుమారయ్యాయా?"

"అయ్యుంటాయి," అంది పాటలమ్మ ఆత్రంగా. "తప్పకుండా అయ్యుంటాయి. మరి తొమ్మిది ఎవరిది?"

తొమ్మిదో ముక్క మందుల షాపాయన చేతికే దొరికింది. చదివాడు. ఇంకోసారి చదివాడు. మందు చీటీ మీద డాక్టరు రాత ఎంత గజిబిజిగా ఉన్నా చదివేసే మనిషి, ఆ నాలుగు అక్షరాలు చదవలేనట్టు కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి, చివరికి బల్ల మీద బోర్లించి దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

"నాది," అంది హెడ్మాస్టరు భార్య.

ఆమె గుడ్డ మడతపెట్టి కిటికీ గట్టు మీద ఉంచింది. సూది గుడ్డకే గుచ్చింది. లేచి రాలేదు. కూర్చున్న చోటు నుంచే చెప్పింది.

"ఆవిడకి రాయడం రాదని నేనే రాసిపెడతానన్నాను. 'ఇలాంటివి ఎట్టా చెప్తారమ్మా, ముందు మీరు రాసుకోండి, చూసి నేనూ చెప్తా' అంది. సరేనని మొదలుపెట్టాను. ఆ బిడ్డ ప్రశ్నలకి అబద్ధం రాసి ఊరుకోవచ్చు. కానీ రాస్తున్నంతసేపూ ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. ఇక అబద్ధం రాయబుద్ధి కాలేదు. తర్వాత ఆవిడవీ రాశాను. తొందర్లో నంబర్లు ముందూ వెనకా తీసుకున్నాం. అంతే."

"నీ చేతిరాతా?" అన్నాడు హెడ్మాస్టరు. ఆ క్షణంలో అడగడానికి ఆయనకు దొరికిన ప్రశ్న అది. ముప్పై ఏళ్లపాటు, నాలుగొందల మంది పిల్లల్లో ఏ కాగితం ఎవడిదో గీత చూసి చెప్పిన మనిషి.

"నాదే. మీరెప్పుడు చూశారని?"

"నోర్ముయ్! ఇంటికి నడువు ముందు."

"వెళ్తాను. ముందు వరండాలో ఉన్నావిడని పిలవండి. సంపూర్ణముగా యోగ్యురాలని మీరే రాయించారుగా."

పాటలమ్మ ఒక్కసారిగా ఏడుపందుకుంది. "వదినా, ఎంత పని చేశావు! నిన్ను నేను సొంత..."

"ఊరుకోండి వదినగారూ. గీత కూడా గీశారు కదా, ఇంకేడుపెందుకు?"

పాటలమ్మ ఏడుపు, పాటలో తాళం తప్పినట్టు, మధ్యలో ఆగిపోయింది.

హెడ్మాస్టరు మొహం కందగడ్డలా అయింది. కానీ గమనించాల్సింది ఒకటుంది. భార్య వైపు ఆయన చూడనే లేదు. ముప్పై నాలుగేళ్లు పక్కనున్న మనిషికి ఎక్కడో ఒక కూతురుందని ఇప్పుడే తెలిసింది. ఆ కూతురికి ఇప్పుడెన్నేళ్లుంటాయని గానీ, పదకొండు రోజులూ ఆమె ఎలా ఉందని గానీ ఆయనకు తోచలేదు. ఆయన చూపు పాస్టరు గారి చేతిలో ఉన్న తీర్మానం మీదుంది.

"ఆ కాగితం ఇటివ్వండి."

"ఇది..." అన్నారు పాస్టరు గారు.

"విధానంలో లోపం జరిగింది. నంబర్లు కలిసిపోయాయి. ఈ సమావేశం చెల్లదు. చించేసి వచ్చే నెల మళ్లీ కూర్చుందాం."

"అవునవును," అన్నాడు మందుల షాపాయన ఊపిరి పీల్చుకుని. "చించేస్తే పోయె. ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉంటుంది. అక్కయ్యగారు ఎప్పట్లా ముందు బెంచీలో కూర్చుంటారు. ఎవరికి తెలుస్తుంది?"

"వచ్చే నెలకి ఆవిడ ఉంటుందో ఉండదో," అంది మాస్టారి భార్య.

"ఎవరు?"

"ఇంకెవరు? వరండాలో కూర్చున్నావిడ. ఆ కాగితం చింపితే నేను లోపలే ఉంటాను, ఆవిడ బయటే ఉండిపోతుంది. ఉంచితే ఆవిడ లోపలికొస్తుంది, నేను బయటుంటాను. ఒకే కాగితమండీ, సగం చింపడానికి లేదు." ఆమె పాస్టరు గారి వైపు తిరిగింది. "ఉంచండి బాబూ. నేను అయోగ్యురాలినే. రాసింది రాసినట్టే ఉండనివ్వండి."

"నీకు మతి పోయిందా? రేపు అందరి ముందూ నిలబడి చెప్తావా? నా పరువు..."

"మీ పరువు గురించి ఫారంలో ప్రశ్న లేదండీ. ఉంటే రాసేదాన్ని."

హెడ్మాస్టరు బల్ల మీదుగా చెయ్యి చాచాడు. పాస్టరు గారు కాగితాన్ని ఛాతీకి ఆనించుకున్నారు. అదేమంత సాహసం కాదు. భయపడ్డ మనిషి చేతిలో ఏది ఉన్నా అలాగే హత్తుకుంటాడు. కానీ హత్తుకున్నాక వదల్లేదు. కుర్చీ జరిపి, లేచి, వెనక్కి వెనక్కి నడిచి తలుపు తీశారు.

గ్లాసులావిడ గుమ్మంలోనే ఉంది. ఐదు వారాలు బయట కూర్చోబెట్టారు గానీ, ఆ పలచటి తలుపు గుండా ఏ మాటైనా వినబడుతుందని ఆ తెలివైనవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. మొదటి నుంచీ విన్నదంతా ఆమె మొహంలో ఉంది. పంది అన్న మాట కూడా.

"రండమ్మా," అన్నారు పాస్టరు గారు. "మీ... మీ పేరు ఒప్పుకున్నారు. రేపు బల్లకు రావచ్చు."

"వందనాలు అయ్యగారూ." ఆమె లోపలికొచ్చింది. పొత్తికడుపు మీద ఓ చెయ్యి ఆనించుకుని, ఆనించుకున్నట్టు తెలియకూడదని పైట సర్దుకుంటూ వచ్చింది. ఖాళీ కుర్చీ వైపు చూడలేదు. కిటికీ దాకా వెళ్లి మాస్టారి భార్య పక్కన నిలబడింది. "రేపు అమ్మగారి పక్కనే కూర్చుంటా. మీరు పళ్లెం పట్టుకొస్తారు కదా, బెంచీ బెంచీకి. అమ్మగారిని దాటించి నాకిస్తే మటుకు నేను తీసుకోను."

"మొండిదానివేనే నువ్వు!" అంది మాస్టారి భార్య. "ఐదు వారాలు ఎదురుచూసిందెందుకు? నా గురించి నీకెందుకు, నోరు మూసుకుని తీసుకో."

"నా ఫారం రాసింది మీరు. మీకు లేంది నాకెట్టా గొంతు దిగుద్దమ్మా?"

"ఎల్లుండి కత్తి కింద పడుకోబోతూ ఈ బేరాలేంటి?" అన్నాడు హెడ్మాస్టరు.

"బేరం కాదయ్యా. బేరమైతే నాకేదన్నా మిగిలేలా ఆడతా కదా."

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "అసలు రేపు పళ్లెం పట్టే వంతు ఎవరిది?"

గోడకు అంటించిన జాబితా వైపు అందరూ చూశారు. హెడ్మాస్టరుది. వందమంది చూస్తుండగా, ముందు బెంచీ దగ్గర ఆగి, సొంత భార్యను దాటి పక్కనావిడకు పళ్లెం చాచాలి. ఎందుకు దాటావని వందమందీ అడుగుతారు. దాటకపోతే సంతకం ఏమైందని ఈ ముగ్గురూ అడుగుతారు.

"రేపు నాకు ఒంట్లో బాగుండదు," అన్నాడు హెడ్మాస్టరు.

ఇవాళే రేపటి జబ్బు కనిపెట్టిన మనిషిని మందుల షాపాయన తన వృత్తిలో అదే మొదటిసారి చూడటం. అయినా ఆశ్చర్యపోయే తీరిక లేదు. "నేను షాపు వదిలి రాలేను, ఆదివారం రద్దీ," అన్నాడు. ఆదివారం ఆ షాపు తెరవరు. పాటలమ్మ తనకు పాటలున్నాయంది. అంతకుముందు ఎన్నో వారాలు ఆవిడ పాడుతూనే పళ్లెం పట్టింది.

"నేను రొట్టె విరవాలి," అన్నారు పాస్టరు గారు మెల్లిగా. "రెండూ నా ఒక్కడి వల్ల కాదు. మరి పళ్లెం ఎవరు పడతారు?"

"నాకివ్వండి," అంది గ్లాసులావిడ. "నేను పడతా. ఎవుర్నీ దాటించకుండా తెస్తా. వద్దన్నోళ్లు చెయ్యి చాచరు, అంతేగా."

హెడ్మాస్టరు నవ్వాడు. నిజంగానే హాయిగా నవ్వాడు, చాలాసేపటి తర్వాత ఊపిరాడినట్టు. కోటు జేబులోంచి పెద్ద ఇనప తాళంచెవి తీసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"నువ్వు పళ్లెం పడతావా? ఇది చూశావా? పదేళ్లుగా ఆదివారం ఈ తలుపులు తీసేది నేను. రేపు తియ్యను. ఏ ఆరాధనా లేదు, ఏ బల్లా లేదు. ఎవరు యోగ్యులో ఎవరు కారో వీధిలో నిలబడి తేల్చుకోండి. పదవే!" అన్నాడు భార్యతో, తలుపు వైపు నడుస్తూ.

ఆమె కదల్లేదు. కదిలింది పాస్టరు గారు. ఆయన మడిచిన తీర్మానాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. అరచెయ్యి చాచారు.

"తాళంచెవి ఇటివ్వండి మాస్టారూ."

హెడ్మాస్టరు ఆగి, ఆ వాక్యం చివర ఎప్పుడూ వచ్చే మూడు మాటల కోసం ఎదురుచూశాడు. అవి రాలేదు.